గిన్నెలో మూడు చెంచాలు

ఆరు నెలలు నిండిన బిడ్డ పొట్ట వాడి గుప్పిటంతే ఉంటుందన్న సంగతి గుమ్మడవలస అంగన్‌వాడీ టీచరు నూకరత్నానికి పదహారేళ్ళుగా తెలుసు. అదే సంగతి తెలుసుకోవడానికి శాఖవారికి పదకొండు సమావేశాలు, ఒక అధ్యయన యాత్ర, పద్నాలుగు పేజీల ఉత్తర్వు పట్టాయి. ఏమైతేనేం, తెలుసుకున్నారు. అంత చిన్న పొట్టలో పట్టేది మూడు చెంచాల మెత్తటి అన్నమే కాబట్టి ఆ మూడు చెంచాల్లోనే బలం ఉండాలనీ, తొలి ముద్దలు తినే ప్రతి బిడ్డ గిన్నెలోనూ ఒక చిన్న చెంచాడు నెయ్యి కలపాలనీ, దానివల్ల నలభై అయిదు ఆరోగ్యకరమైన కేలరీలు అదనంగా చేరతాయనీ ఉత్తర్వులో రాశారు. పథకానికి "శక్తి చెంచా" అని పేరు పెట్టారు.

సూపర్‌వైజరు కాత్యాయని ఆ ఉత్తర్వు తెచ్చి చదివి వినిపిస్తుంటే నూకరత్నానికి నిజంగానే సంతోషం వేసింది. శాఖ చేసే పనులకు సంతోషించడం ఆమెకు బొత్తిగా అలవాటు లేదు. అందుకని ఎక్కడో ఏదో తిరకాసు ఉండే ఉంటుందని ఒక పక్క అనుమానపడుతూనే సంతోషించింది. ఆమె మనసులో ఉన్నది లోహిత్. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు వలిచే కుసుమ కొడుకు. ఆర్నెల్లకు ఆరు కిలోలున్నాడు. బరువుల చార్టులో ఆకుపచ్చ గడిలో ఉండాల్సినవాడు పసుపు గడిలో, ఎర్ర గీతకు కాస్త పైన వేలాడుతున్నాడు. కుసుమ ఇంట్లో అన్నానికీ పప్పుకూ లోటు లేదు గానీ నెయ్యి మాత్రం పండగపూట కూడా అనుమానమే. రోజుకో చెంచాడు నెయ్యి పడితే రెండు నెలల్లో వాణ్ని పసుపు గడి దాటించి ఆకుపచ్చలో కూర్చోబెట్టగలనని నూకరత్నం లెక్కేసుకుంది.

తిరకాసు ఏడో పేజీలో బయటపడింది. శిశువుకు పెట్టే ముందు ఆ ఆహారాన్ని బాధ్యత గల వ్యక్తులు రుచి చూడవలెను అని ఉంది అక్కడ.

"ఎవరండి మేడమ్ ఆ బాధ్యత గల వ్యక్తులు?" అని అడిగింది నూకరత్నం.

"గ్రామస్థాయి రుచి నిర్ధారణ కమిటీ. అయిదుగురు సభ్యులు. తలా అర చెంచా. ప్రతి బిడ్డ గిన్నె నుంచీ విడివిడిగా చూడాలి."

నూకరత్నం లెక్కల్లో ఏమంత దిట్ట కాదు. అయినా అయిదు అరలు రెండున్నర అవుతాయన్న పాటి లెక్క వచ్చు.

"అప్పుడు బిడ్డకి అర చెంచాయే కదండి మిగుల్తాది."

"మిగులుతుంది కదా," అంది కాత్యాయని.

"పోనీ కాస్త ఎక్కువ వండేస్తే?"

"కొలత శిశువు పొట్టను బట్టి నిర్ణయించారు నూకరత్నం. అంతకు మించి వండితే అతిభోజనం కిందికి వస్తుంది. అతిభోజనం మన శాఖ కాదు."

ప్రారంభోత్సవానికి ప్రాజెక్టు అధికారి సదాశివం గారు స్వయంగా విచ్చేశారు. గోడకు బ్యానరు కట్టారు. దాని మీదున్న బిడ్డ చుట్టుపక్కల ఏ ఊరి బిడ్డా కాదు, బూరె బుగ్గలతో ఎక్కణ్ణుంచో దిగుమతి అయిన బిడ్డ. దాని కింద చాప మీద లోహిత్‌ను కూర్చోబెట్టారు. కూర్చోవడం ఇంకా సరిగ్గా చేతకాక వాడు ఓ పక్కకు ఒరిగిపోతుంటే కుసుమ వెనక నుంచి పట్టుకుంది. నూకరత్నం బియ్యమూ పెసరపప్పూ మెత్తగా ఉడికించి, గరిటెతో మెదిపి, వాడి ఎదురుగానే నెయ్యి కలిపింది. ఆ వాసనకు వాడు నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూయకుండా ఎదురు చూశాడు కూడా.

వాడు అలా నోరు తెరుచుకుని ఉండగానే సదాశివం గారు ఉపన్యాసం మొదలుపెట్టారు.

"నేడు ఈ పాత్రలో మనం కలుపుతున్నది కేవలం నెయ్యి అనుకుంటే పొరపాటు. ఇది భావి పౌరుని మేధస్సుకు వేస్తున్న పునాది. ఈ నలభై అయిదు కేలరీలు క్షేత్రస్థాయికి చేరే క్రమంలో ఏ ఒక్క కేలరీ కూడా దారి తప్పకుండా చూడవలసిన గురుతర బాధ్యత రుచి నిర్ధారణ కమిటీ భుజస్కంధాల మీద ఉన్నదని సవినయంగా మనవి చేస్తున్నాను."

అయిదు జతల భుజస్కంధాలు ముందుకు వచ్చాయి. సర్పంచి గారికి తీరిక లేక ఆమె భర్త సింహాద్రినాయుడు, డ్రిల్లు మాస్టారుగా రిటైరైన జగన్నాథం గారు, రేషను డీలరు, సచివాలయం నుంచి ఒక ఉద్యోగి, ఎవరు పిలిచారో ఎవరికీ తెలియని ఒక పార్టీ మనిషి. ఒక్కొక్కరూ అర చెంచా తీసుకుని, కళ్ళు మూసుకుని, బాధ్యతగా చప్పరించారు. గిన్నెలో అర చెంచా మిగిలింది. నూకరత్నం దాన్ని లోహిత్ వైపు తీసుకెళ్తుంటే సదాశివం గారు ఆపారు.

"ప్రారంభకుడిగా నేను రుచి చూడకపోతే సాంకేతికంగా ప్రారంభమైనట్టు కాదు," అన్నారు.

ఆయన రుచి చూశాక సాంకేతికంగా ప్రారంభమైంది. కాత్యాయని ఖాళీ గిన్నెను లోహిత్ చేతికిచ్చి ఫొటో తీసింది. వాడు గిన్నె అంచు నాకాడు. ఆ ఫొటోను శాఖ యాప్‌లోకి ఎక్కించి, శిశువు పాత్రను పూర్తిగా ఖాళీ చేసెను అని రాసింది. నలభై అయిదు కేలరీలు చేరినవి అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఎవరికి చేరినవో రాయడానికి ఆ యాప్‌లో చోటు లేదు.

అందరూ వెళ్ళాక కుసుమ చంకలో కొడుకుతో గుమ్మంలో నిలబడింది.

"అదేటండి రత్నమ్మగోరూ, మావోడి నోట్లో ఏటీ ఎట్టనేదు?"

"రేపు పెడతానమ్మా. ఇయ్యాల పెద్దలొచ్చినారు కదా," అంది నూకరత్నం. ఆ మాట తనకే నచ్చలేదు.

మర్నాడు సదాశివం గారు రాలేదు గానీ కమిటీ వచ్చింది. నెయ్యి డబ్బాకు వేలిముద్రల తాళం వేశారు. అయిదు బొటనవేళ్ళు పడితే గానీ మూత రాదు. సభ్యులు వచ్చి తీరాల్సిందే, వచ్చాక రుచి చూసి తీరాల్సిందే. లోహిత్‌కు రోజూ అర చెంచా దక్కేది, అదీ జగన్నాథం మాస్టారికి ఆ రోజు ఆకలి మామూలుగా ఉంటే. చూసి చూసి నూకరత్నం ఒకరోజు తన ఇంటి నుంచి చిన్న సీసాలో నెయ్యి తెచ్చి పమిట చాటున వాడి ముద్దలో కలిపింది. అది కాత్యాయని కంటబడింది. పథకేతర నెయ్యి ద్వారా అనధికార కేలరీలను శిశువులోనికి ప్రవేశపెట్టినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపుడు అని నూకరత్నానికి మెమో వచ్చింది.

ఇదిలా ఉండగా రుచి రిజిస్టరులో ఒక గడి ఉండేది. అందులో సభ్యుడి అభిప్రాయం రాయాలి, ఖాళీగా వదలకూడదు. నలభై ఏళ్ళపాటు పిల్లల చేత ఎడమ కుడి వేయించిన జగన్నాథం మాస్టారు ఏ పనీ ఖాళీగా వదిలే మనిషి కాదు. "చప్పగా ఉన్నది" అని రాశారు. మిగతా నలుగురూ ఆయన కింద "పై విధంగానే" అని రాశారు. ఒకే కేంద్రం నుంచి అయిదు ఫిర్యాదులు చేరేసరికి ప్రాజెక్టు ఆఫీసు గగ్గోలెత్తింది. నూకరత్నాన్ని పిలిపించారు.

"రేపటి నుంచి తగినంత ఉప్పు వేయండి," అన్నారు సదాశివం గారు.

"ఏడాది లోపు బిడ్డలకి ఉప్పు పెట్టకూడదండి. మీ శాఖ ట్రైనింగులోనే చెప్పినారండి."

"ఉప్పు వద్దని శిశువు తరఫు నుంచి లిఖితపూర్వక అభ్యంతరం ఏదైనా అందిందా?"

"వాడికి ఆర్నెల్లండి."

"అంటే అందలేదు. కమిటీ అభ్యంతరం మాత్రం లిఖితపూర్వకంగా అందింది. నేను దేని మీద చర్య తీసుకోవాలి?"

ఉప్పు పడింది. ఉప్పు పడ్డాక కమిటీకి మిరియాలు గుర్తొచ్చాయి. మిరియాల తర్వాత జీలకర్ర, దాని వెనకే కరివేపాకు, ఆ తర్వాత నేతిలో వేయించిన జీడిపప్పు. ఒక్కో అభిప్రాయానికి ఒక్కో ఉత్తర్వు వచ్చింది. అర చెంచాలో రుచి పట్టుబడడం లేదనీ, పోల్చి చూసుకోవడానికి వేరే ఉండాలనీ సింహాద్రినాయుడు రాస్తే, సభ్యులకు తలా ఒక కంచం "తులనాత్మక నమూనా" మంజూరైంది. బిడ్డకు ఒక్క చెంచా ఎక్కువ వండితే అతిభోజనం. కమిటీకి కంచం నిండా వండితే పరీక్ష. మూడేళ్ళుగా గ్రామసభకు కోరం లేని ఊళ్ళో ఈ అయిదుగురూ పది కొట్టేసరికి కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చునేవారు. నాయుడు ఇంటి నుంచి సొంత కంచం తెచ్చుకునేవాడు, దానికి అంచు ఎత్తుగా ఉంటుందని.

చివరికి మిగిలిన ఆ అర చెంచా లోహిత్ నోట్లో పెడితే మిరియపు గింజ నాలుక్కి తగిలి వాడు కెవ్వుమన్నాడు. ముక్కు, కళ్ళు, నోరు అన్నీ ఏకమయ్యాయి. శిశువు ఉత్సాహముగా స్పందించెను అని కాత్యాయని యాప్‌లో రాసింది. స్పందన గడిలో అది తప్ప వేరే మాట లేదు మరి.

రెండు నెలలు తిరిగేసరికి ప్రభావ మదింపు వచ్చింది. లోహిత్‌ను తూకంలో వేస్తే ఆరు కిలోల వంద గ్రాములు. ఎనిమిది నెలల వయసుకు ఆ బరువుంటే చార్టులో ఎర్ర గడే. నూకరత్నం రెండుసార్లు తూకం సరిచూసుకుని గానీ చుక్క పెట్టలేదు. పదహారేళ్ళలో తన చేతులారా ఎర్ర గడిలో పెట్టిన చుక్కలు నాలుగే. ఆ నలుగురి పేర్లూ ఆమెకు గుర్తే.

మండల సమీక్షలో సదాశివం గారు కాగితాలు తిరగేసి గంభీరంగా అడిగారు.

"మన వైపు నుంచి కేలరీలు నూటికి నూరు శాతం విడుదలయ్యాయి. ఎక్కడా నిలువ లేదు, వృథా లేదు. అవి ఎక్కడికి పోయినట్టు?"

ఎక్కడికి పోయాయో వెతకమని కాత్యాయనిని పంపారు. వెతకడం ఏమంత కష్టం కాలేదు, అవి పది గంటలకు వాటంతటవే నడిచి వచ్చాయి. కమిటీని తూకం వేస్తే సింహాద్రినాయుడు నాలుగు కిలోలు పెరిగాడు. డ్రిల్లు మాస్టారు మూడు. మిగతా ముగ్గురూ కలిసి మరో నాలుగు. కాత్యాయని భయపడుతూ ఆ అంకెలు ఆఫీసులో పెట్టింది. సదాశివం గారు కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"పథక పరిధిలో ఉన్నది ఎనిమిది మంది. అయిదుగురు సభ్యులు, ముగ్గురు శిశువులు. మొత్తం పెరుగుదల పదకొండు కిలోల చిల్లర. అంటే తలసరి కిలో నాలుగు వందల గ్రాములు. రెండు నెలల్లో. రాష్ట్రంలో ఏ కేంద్రం సాధించిందమ్మా ఇది?"

గుమ్మడవలస ఉత్తమ కేంద్రమైంది. నూకరత్నానికి శాలువా కప్పారు. శాలువా భుజం మీద ఉండగానే కాత్యాయని ఒక కవరు చేతిలో పెట్టింది. మీ కేంద్రంలో తలసరి పెరుగుదల కిలో నాలుగు వందలు ఉండగా లోహిత్ అను శిశువు కేవలం వంద గ్రాములు పెరిగి కేంద్రం సగటును దెబ్బతీసినందున, సదరు శిశువు వైఫల్యానికి కారణాలు మూడు రోజులలో తెలుపనిచో మీరు విధుల నుండి తొలగించబడుదురు.

ఆ మధ్యాహ్నం కుసుమ వచ్చింది. ఫ్యాక్టరీకి ఒక పూట మానేసి మరీ వచ్చింది.

"రేపటి నుంచి నాను తేనండి మావోణ్ని. ఈడ ఈడికేటి ఒరుగుతోంది? ఊరోళ్ళు తింటంటే సూత్తాడు. అంతే కదా."

"కుసుమా, నా చేతిలో ఏటుందమ్మా? ఆర్డరలా ఉంది."

"ఆర్డరు సంగతి నాకు తెల్దండి. మీరు మంచోరని తెచ్చినాను. నిన్న రాత్రి ఒళ్ళో ఏసుకుంటే పక్కటెముకలు నా సేతికి తగిల్నాయి. ఆ మాట మీకు సెప్పాలని వచ్చినాను."

ఆమె కేకలేసి ఉంటే నూకరత్నం కూడా రెండు మాటలు అని ఊరుకునేది. కేకలెయ్యలేదు. సిగ్గుతో నూకరత్నం తలెత్తలేకపోయింది. "ఒక్క వారం చూడమ్మా" అని మాత్రం అంది. వారంలో ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

అయితే శాఖ కదిలిందంటే ఎటు కదులుతుందో దానికే తెలియదు. ఎన్నడూ సంతకం కూడా సొంతంగా పెట్టని సర్పంచి గారు ఆ వారంలోనే మొట్టమొదటిసారి స్వయంగా ఒక అర్జీ రాసింది. పథకం మూలంగా తన భర్తకు సుగరు వచ్చిందనీ, దీనికి శాఖ ఏం జవాబు చెబుతుందనీ అడిగింది. సర్పంచి అంతటి ఆవిడ అడిగితే శాఖ ఉలిక్కిపడింది. ఆ హడావుడిలో నూకరత్నానికి ఇచ్చిన మూడు రోజుల గడువు ఎవరికీ గుర్తు లేకపోయింది. నాలుగో రోజుకల్లా అనుబంధ ఉత్తర్వు దిగింది. రుచి నిర్ధారణ సభ్యులకు సుగరు, రక్తపోటు, అధిక బరువు ఉండరాదు. పొగాకు, మద్యం అలవాటు ఉండరాదు. ఏ పదవిలోనూ, ఏ పార్టీలోనూ ఉండరాదు. కోర్టులో వ్యాజ్యం ఉండరాదు. వయస్సు అరవై మించరాదు. ఏడు రోజులలో కొత్త కమిటీ ఏర్పడనిచో నెయ్యి డబ్బాకు శాశ్వతంగా సీలు వేయబడును.

ఊళ్ళో వైద్య శిబిరం పెట్టారు. కంచాల వార్త ఊరంతా పాకింది కాబట్టి జనం బారులు తీరారు. సుగరు లేనివాడికి బీపీ తేలింది. రెండూ లేనివాడి జేబులో ఖైనీ పొట్లం దొరికింది. ఏ రోగమూ ఏ అలవాటూ లేని ఆసామీ ఒక్కడు తేలాడు గానీ ఆయనకు అన్నదమ్ములతో గట్టు తగాదా కోర్టులో ఉంది. ఆడవాళ్ళలో సగం మందికి బీపీ, మిగతా సగం ఏదో ఒక సంఘంలో పదవిలో ఉన్నారు. ఆరు రోజులు గడిచాయి. గుమ్మడవలసలో అర చెంచా అన్నం రుచి చూడదగ్గ మనిషి పుట్టలేదని తేలింది.

ఏడో రోజు పొద్దున నూకరత్నం ఉత్తర్వును మళ్ళీ చదివింది. అరవై మించరాదు అన్న చోట వేలు పెట్టి ఆగింది. ఎంతకు తగ్గరాదో ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి చూసింది, ముందుకు తిప్పి చూసింది. లేదు. అప్పుడు లేచి, దరఖాస్తు ఫారం తీసి, నింపడం మొదలుపెట్టింది.

కాత్యాయని ఆ ఫారం చదువుతూ నోరెళ్ళబెట్టింది.

"పేరు, లోహిత్. వయసు, ఎనిమిది నెలలు. సుగరు లేదు. బీపీ లేదు. పార్టీ లేదు. వ్యాజ్యాలు లేవు. దురలవాట్లు, వేలు చప్పరించును." ఫారం కింద పెట్టింది. "ఇదేం వేళాకోళం నూకరత్నం?"

"వేళాకోళం కాదండి మేడమ్. రూల్లో ఏది తప్పిందో చెప్పండి, కొట్టేస్తాను."

కాత్యాయని ఒక్కో నిబంధనకూ టిక్కు పెట్టుకుంటూ వెళ్ళింది. కొట్టేయడానికి ఒక్కటీ దొరకలేదు.

"సాయంత్రానికి కమిటీ లేకపోతే డబ్బాకి సీలండి," అంది నూకరత్నం నెమ్మదిగా. "ఉత్తమ కేంద్రానికి సీలు పడితే మెమో నాకొక్కదానికే రాదండి."

ఆ మాట పనిచేసింది. ఫారం సదాశివం గారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన రెండు గంటలు తలుపేసుకుని ఆలోచించి, నిషేధించబడనిది అనుమతించబడినట్లే పరిగణించవచ్చును అని రాశారు. దాని కింద, దీనివల్ల కమిటీలో యువతరానికి ప్రాతినిధ్యం కూడా లభించును అని చేర్చారు. లోహిత్‌తో పాటు మిగతా ఇద్దరు బిడ్డలనూ సభ్యులుగా నియమించారు. తక్కిన రెండు స్థానాలు ఖాళీగా ఉన్నందున వాటి వాటా రుచి కూడా హాజరైన సభ్యులే చూడవలెను అన్నారు.

మర్నాడు పది గంటలకు కొత్త కమిటీ చాప మీద సమావేశమైంది. ఒక సభ్యురాలు నిద్రపోతోంది. ఒక సభ్యుడు రిజిస్టరు మూల నములుతున్నాడు. తాళాన్ని ఉన్న ముగ్గురి వేళ్ళకే మార్చి ఇచ్చారు కాబట్టి నూకరత్నం లోహిత్ బొటనవేలు డబ్బా మీద ఆనించింది, మిగతా ఇద్దరివీ ఆనించింది, మూత వచ్చింది. ఉత్తర్వు ప్రకారం ఉప్పు, మిరియాలు, జీలకర్ర అన్నీ పడ్డ ముద్దే పెట్టాలి కాబట్టి ఆవగింజంత నాలుక్కి తగిలించింది. లోహిత్ మొహం చిట్లించి దాన్ని నాలుకతో బయటికి తోసేశాడు. అభిప్రాయం గడిలో నూకరత్నం గుండ్రటి అక్షరాలతో "ఉమ్మివేయడమైనది" అని రాసింది. మిగతా ఇద్దరిదీ "పై విధంగానే".

పదహారేళ్ళ అనుభవం ఉన్న టీచరు చెప్తే వినని శాఖ, ముగ్గురు సభ్యులు ఏకగ్రీవంగా ఉమ్మేసరికి దిగొచ్చింది. వారంలో ఉప్పు పోయింది, మిరియాలు పోయాయి, జీడిపప్పు పోయింది. మళ్ళీ మెత్తటి పప్పన్నం, అందులో కరిగిన నెయ్యి. ఆ రోజు కుసుమ మొదటి చెంచా పెడితే లోహిత్ మింగి నోరు తెరిచాడు. రెండో చెంచాకు ముందుకు వంగాడు. మూడోది తిని చెంచాను చిగుళ్ళతో పట్టుకుని వదల్లేదు. నూకరత్నం గోడవైపు తిరిగి పమిటతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఇటు తిరిగి, నేతి చేత్తోనే వాడి వేలిముద్ర రిజిస్టరులో వేయించింది.

తులనాత్మక నమూనా కంచాలు కూడా ఉన్నాయి కదా. సభ్యులు స్వయంగా తినలేని స్థితిలో ఉన్నందున వారి సహాయకులు తినవచ్చునని కాత్యాయనే పైకి రాసి ఉత్తర్వు తెప్పించింది. ఆ సహాయకులు తల్లులు. కుసుమ పొద్దున్నే ఏమీ తినకుండా ఫ్యాక్టరీకి పోయే మనిషి. మొదటిరోజు కంచం ముందు కూర్చుని "ఇదంతా నాకేనేటండి?" అని రెండుసార్లు అడిగింది.

సంగతి చుట్టుపక్కల కేంద్రాలకు పాకింది. అక్కడా కమిటీలు వైద్య పరీక్షల్లో చతికిలబడి ఉన్నాయి. ఒక్కొక్క ఊళ్ళో బిడ్డలు సభ్యులవుతూ వచ్చారు. రెండు నెలల్లో జిల్లా అంతటా పాలపళ్ళు కూడా రాని కమిటీలే. అప్పుడు ఎవరో తెలివైన అధికారి ఒక లోపం కనిపెట్టాడు. రుచి నిర్ధారించువారు లబ్ధిదారులుగా ఉండుట పరస్పర విరుద్ధము. కనుక సభ్యులైన శిశువుల పేర్లు లబ్ధిదారుల జాబితా నుండి తొలగించవలెను. తొలగించారు. తొలగించాక జాబితాలో ఎవరూ మిగల్లేదు. ఎవరూ మిగలకపోతే బక్కచిక్కిన బిడ్డలూ లేనట్టే. జిల్లాలో పోషకాహార లోపం సున్నాకు చేరినది అని ప్రకటన వెలువడింది. లక్ష్యం నెరవేరింది కాబట్టి శక్తి చెంచా పథకం ముగించబడినది అని మరో ఉత్తర్వు వచ్చింది.

దాన్ని ఉత్తమ కేంద్రానికి తానే అందజేయాలని సదాశివం గారు గుమ్మడవలస వచ్చారు. ఆయన జీపు దిగేసరికి నూకరత్నం తూకం దగ్గర ఉంది. పదకొండు నెలల లోహిత్ ఏడు కిలోల తొమ్మిది వందలు తూగాడు. అంటే ఆకుపచ్చ గడి. కాకపోతే జాబితాలో పేరు కొట్టేశారు కాబట్టి చుక్క పెట్టడానికి వాడికి చార్టు లేదు. నూకరత్నం ఆ అంకె కుసుమ చెవిలో చెప్పింది. కుసుమ వాణ్ని ఎత్తి గట్టిగా ముద్దు పెట్టుకుంది.

ఉత్తర్వు అందుకుని నూకరత్నం గుండె రాయి చేసుకుని అడిగింది.

"అయితే రేపటి నుంచి వండొద్దాండి?"

"శిశువులకు పెట్టడం ఆపాలి," అన్నారు సదాశివం గారు. "రుచి చూడటం ఏ ఉత్తర్వు ప్రకారం ఆపుతారు? అది నాణ్యతా విభాగం. ఆ ఫైలు వేరు."

"ఎవరికీ పెట్టనిదానికి రుచి చూడటం దేనికండి?"

"నాణ్యతలో మనం రాజీ పడకూడదమ్మా."

కుసుమ నూకరత్నం మోచేయి పట్టి లాగింది. "ఊరుకోండి రత్నమ్మగోరూ. ఆ ఫైలు జోలికి ఎల్లకండి," అంది రహస్యంగా.

పది గంటలైంది. నెయ్యి వాసన గదంతా కమ్ముకుంది. సదాశివం గారు అలవాటు కొద్దీ బల్ల మీది చెంచా అందుకుని గిన్నె వైపు వంగారు.

"సార్, తమరు కమిటీలో లేరండి," అంది నూకరత్నం.

ఆయన ఆ చెంచా వైపూ, ఆమె వైపూ చూశారు. రూలు రూలే. చెంచా కింద పెట్టేశారు. వెళ్ళిపోదామంటే డ్రైవరు టీ తాగడానికి పోయాడు. చేసేదేమీ లేక చాప పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కుసుమ ఒక చెంచా పెట్టింది. లోహిత్ మింగాడు, రెండు చేతులూ నేలకేసి కొట్టాడు, ఇంకోటి కావాలని నోరు తెరిచాడు. పెదవుల పక్కన నెయ్యి మెరుస్తోంది. కొంత గడ్డం మీద పడితే కుసుమ చూపుడు వేలితో తీసి మళ్ళీ నోట్లోనే పెట్టింది. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఒక బిడ్డ అన్నం తింటుంటే పక్కన కూర్చుని చూడటం సదాశివం గారికి అదే మొదటిసారి. గిన్నె అడుగు కనిపించేదాకా ఆయన కదల్లేదు.

"ఇంతేనా?" అని అడిగారు చివరికి, గొంతు బాగా తగ్గించి.

"ఇంతేనండి," అంది నూకరత్నం.